తమ్ముడితో సాగర్ నుంచి ఆలంపూర్ దాకా

మా తమ్ముడు ఫోన్ చేసి, దసరా సెలవుల్లో సైకిళ్ళ మీద కృష్ణ ఒడ్డెంట పోదామా అక్కా అన్నప్పుడు నేను వెంటనే సరేనన్నాను. ప్రేమతో కాదు. వాడితో తీరిగ్గా కొట్లాడటానికి నాలుగు రోజులు దొరుకుతాయని.

వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. ఆదివారం పొద్దున్నే రంగురంగుల బిగుతు బట్టలు తొడుక్కుని, గుంపుగా సైకిల్ తొక్కి, టిఫిన్ తిని ఇంటికొచ్చే బాపతు. నేను నల్లగొండ పక్కన ఒక సర్కారు బడిలో పీఈటీని. పిల్లల్ని పరిగెత్తించడం నా కొలువు, బడికి రోజూ సైకిల్ మీదే పోతాను. వాడి స్నేహితులు ఎక్కడో సముద్రపు ఒడ్డున గుట్టలెక్కుతూ సైకిల్ తొక్కి ఫోటోలు పెట్టారట. వీడికి కడుపు మండింది. మన జిల్లాలకు సముద్రం ఎక్కడిది, సోమశిల దగ్గర నీళ్ళే మన సముద్రం అన్నాడు. సాగర్ కాడ మొదలుపెట్టి, దేవరకొండ, డిండి, అచ్చంపేట గుట్టలు దాటి, సోమశిల చూసి, ఆలంపూర్‌లో జోగులాంబ దర్శనంతో ముగిద్దామన్నాడు. దారి నాకు నచ్చింది. వాడే నచ్చలేదు.

ఎందుకో చెప్తాను. అమ్మ పోయిన రోజు నేను పదో తరగతి పరీక్షల డ్యూటీలో దూరంగా ఉన్నాను. కబురు తెలియగానే బయలుదేరాను. కొంత దూరం బస్సు, కొంత దూరం ఆటో, చివరికి ఎవరిదో బండి వెనక కూర్చుని ఊళ్ళోకి వచ్చేసరికి శవాన్ని లేపేశారు. వాకిలి కడిగి ఉంది. చావుకు పోయినవాళ్ళు స్నానాలు చేసి తడిబట్టలతో తిరిగొస్తున్నారు. కన్నబిడ్డకు ఆఖరి చూపు లేదు. ఒక్క గంట ఆగలేకపోయారా అని తమ్ముణ్ణి నిలదీస్తే, అమావాస్య గడియలు వస్తున్నాయని పెద్దమనుషులు తొందరపెట్టారన్నాడు. ఆ పెద్దమనుషుల్ని అడిగితే నేల చూపులు చూశారు. ఆనాటి నుంచి వాడింట్లో నేను మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఫోన్లో మాట్లాడతాను, అదీ బతికున్నామో లేదో తెలియడానికి.

మా వైపు పెళ్ళయిన ఆడదానికి తల్లిగారిల్లు ఉందనడానికి గుర్తులు రెండే. బతుకమ్మ పండుగకు పిలుపు, కొన్నేళ్ళకొకసారి ఒడిబియ్యం. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె బట్ట ఆడబిడ్డ కొంగులో పోస్తారు. ఆమె అందులోంచి కొన్ని పిడికిళ్ళు తిరిగి తల్లిగారికే ఇస్తుంది, ఆ ఇల్లు ఎప్పుడూ నిండుగా ఉండాలని. మిగిలిన బియ్యం అత్తగారింటికి తెచ్చుకుని, వండి, వాడకట్టు మొత్తాన్ని భోజనానికి పిలుస్తుంది. అమ్మ పోయాక నాకు ఒడిబియ్యం పోసినవాళ్ళు లేరు. పక్కింటామెకు వచ్చినా, ఎదురింటామెకు వచ్చినా నేను పోయి తినొస్తాను. వాళ్ళను పిలవడానికి నా దగ్గరే ఏమీ ఉండదు. నీకెప్పుడు పోస్తరు అని వాళ్ళు అడగడం కూడా మానేశారు. అదే ఎక్కువ మంట.

అందుకని ఈ ప్రయాణంలో తేల్చుకుందామనుకున్నాను, నాకు తల్లిగారిల్లు ఉందా లేదా అని. ఆ రోజు ఏం జరిగిందో వాడు నోరు విప్పి చెప్పాలి. చెప్పకపోతే ఆలంపూర్‌లోనే దండం పెట్టి, ఫోన్ కూడా బంద్ పెట్టేయాలి.

సాగర్ దగ్గర వాడి వేషం చూసి సగం ఓపిక అక్కడే అయిపోయింది. నెత్తిన టోపీ, కళ్ళకు నల్లద్దాలు, హ్యాండిల్ మీద ఎంత దూరం తొక్కాడో చెప్పే ఫోను. వెనక చక్రానికి రెండు పక్కలా ఉబ్బిన సంచులు. ఇల్లంతా మోసుకొచ్చావేందిరా అంటే నవ్వి ఊరుకున్నాడు. మొదటి ఎత్తులోనే వాడికి దమ్ము ఎక్కింది. నేను ఆగలేదు. ముందుకు పోయి, నీడలో కూర్చుని, వాడు చెమటలు కక్కుతూ రాగానే లేచి మళ్ళీ తొక్కడం మొదలుపెట్టాను. వాడికి విశ్రాంతి దొరకనివ్వకూడదని కావాలనే అలా చేశాను. ఎదురుగాలి కూడా నాతో కలిసింది.

దేవరకొండ దాటాక గుట్టల పొడుగునా తంగేడు విరగబూసి ఉంది. ఆడవాళ్ళు సంచులు నింపుకుంటున్నారు. ఒక ముసలామె నన్ను ఆపి, సైకిల్ మీద ఏడికి బిడ్డా, బతుకమ్మకు తల్లిగారింటికి పోతున్నవా అని అడిగింది. వెనక వస్తున్నవాడిని చూపించి, మా తమ్ముడు, వాణ్ణే అడుగమన్నాను. ఆమె నిజంగానే అడిగింది. వాడు తల వంచుకుని గేర్లు మార్చుకున్నాడు. నాకు ఆ పూట అన్నం మంచిగా పోయింది.

రెండో రోజు డిండి దగ్గర చాయ్ హోటల్లో నేనే మొదలుపెట్టాను. అమ్మను ఎందుకంత తొందరగా తీసుకపోయారని అడిగాను. వాడు మళ్ళీ అదే పాట, అమావాస్య, పెద్దమనుషులు. గ్లాసు బల్ల మీద కొట్టి లేచాను. చాయ్ వాడి రంగుల అంగీ మీద పడింది. హోటలాయన మమ్మల్ని మొగుడూ పెళ్ళాలనుకున్నాడేమో, మధ్యలో వచ్చి జర నిమ్మళం అమ్మా అన్నాడు. నా తమ్ముడయ్యా, నా ఖర్మ అన్నాను. అచ్చంపేట దాకా వాడికి కనబడనంత ముందు తొక్కాను.

మూడో రోజు కొల్లాపూర్ దారిలో నా చక్రంలో తుమ్మముల్లు దిగింది. పంక్చర్ ఎక్కడుందో చూడాలంటే నీళ్ళు కావాలి. వాడు సీసాలు పట్టుకుని దూరంగా కనబడుతున్న బోరు దగ్గరికి పోయాడు. గాలి కొట్టే పంపు వాడి సంచిలో ఉంటుందని నేను జిప్పు తీశాను. పంపు కింద తెల్లటి గుడ్డ మూట. బరువుగా ఉంది. ముడి విప్పాను.

పసుపు బియ్యం. కుడుకలు. ఖర్జూరాలు. ఆకుపచ్చ రవికె బట్ట.

అక్కడే కంకర మీద కూర్చుండిపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది, అబద్ధమెందుకు. కానీ అది నిలవలేదు, వెనకే కోపం వచ్చింది. బతుకమ్మ నడుస్తుంటే ఇంటికి రా అని పిలిచే దమ్ము లేదు. పెళ్ళాం చేత బొట్టు పెట్టించే దమ్ము లేదు. వాడకట్టు ముందు పోయాల్సిన ఒడిబియ్యాన్ని చక్రానికి కట్టుకుని, గుట్టలు దాటించి, దొంగసరుకులా తెచ్చాడు. మగవాడు ఒక్కడే ఒడిబియ్యం పోయడం నా ఎరుకలో ఎక్కడా లేదు. ఇటువంటి తెలివితక్కువ పని మా తమ్ముడికే చేతనవుతుంది. మూట ఉన్నది ఉన్నట్టు కట్టి జిప్పు వేశాను. వాడు నీళ్ళు తెచ్చాక, బోరు తవ్వి తెచ్చావా ఇంతసేపు అని కసిరాను.

సోమశిల నిజంగానే బాగుంది. గుట్టల మధ్య ఆ చివరి దాకా నీళ్ళే. పడవలు, గాలి, మెట్ల మీద అలలు. వాడు ఫోటో తీస్తా నిలబడక్కా అన్నాడు. నేను నిలబడలేదు. ఆ నీళ్ళను ఇంకొకరితో వచ్చి చూసుంటే బాగుండేదనుకున్నాను.

ఆలంపూర్‌లో నవరాత్రుల జనం. దర్శనం చేసుకుని తుంగభద్ర మెట్ల మీదికి వచ్చాం. నేను చెప్పాల్సిన మాటలు మనసులో వరసపెట్టుకుంటున్నాను. ఈలోపు వాడు సంచి తెరిచి మూట బయటికి తీశాడు.

"అక్కా, చీర తెచ్చినవా? కొంగు వట్టాలె," అన్నాడు.

బడిలో వేసుకునే ట్రాక్ ప్యాంటు, టీషర్టులో ఉన్నాను. నాలుగు రోజులు సైకిల్ తొక్కే ఆడది చీర ఎక్కడ పెట్టుకొస్తుందో వాడికి తట్టలేదు. నీ పెళ్ళాం ఏదిరా అని అడిగాను. ఆమెకు చెప్పలేదన్నాడు. మనింట్లో నీళ్ళు ముట్టని మనిషికి ఒడిబియ్యం ఎట్లా పోస్తామని ఆమె ఎప్పటి నుంచో అంటోందట. ఆమె మాటలో తప్పేమీ లేదు. మా మరదలితో నేను ఏకీభవించింది అదొక్కసారే.

"ముందుగాల ఆనాటి ముచ్చట చెప్పు," అన్నాను. "మల్ల పెద్దమనుషుల పేరు ఎత్తితే గీ మూట నీళ్లల్ల పడ్తది."

వాడు మూటను నీళ్ళకు దూరంగా తన ఒళ్ళోకి లాక్కున్నాడు.

"వాళ్లు ఆపుదామనే అన్నరు, అక్కా. బిడ్డ రాకుండ ఎట్ల లేపుతం అన్నరు. నేనే లేపమన్న."

"ఎందుకురా?"

"నువ్వొచ్చి అమ్మ మీద పడి ఏడుస్తవు. అది చూసే తాకత్ నాకు లేకుండె. నువ్వు రాకముందే అయిపోతే మంచిగుంటది అనుకున్న."

నిజం వింటే మనసు తేలికవుతుందని ఎవరంటారో గానీ, నాకు కోపం రెట్టింపైంది. వాడికి తాకత్ లేక నాకు అమ్మ మొహం లేకుండా పోయింది. పెద్దమనుషులు నా ముందు నేల చూపులు చూసింది వాడి పరువు కాపాడటానికి. ఇన్నేళ్ళూ వాళ్ళను తిట్టుకున్నాను. చెంప పగలగొట్టాలని చెయ్యి లేచింది కూడా. వాడు తప్పుకోలేదు, కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు అమ్మ కొట్టబోతే అట్లాగే మూసేవాడు. చెయ్యి దింపాను.

వాడి మెడలోని తువ్వాల లాగి, రెండు కొసలు నడుముకు కట్టుకుని, అంచులు పట్టుకున్నాను. "పొయ్యి," అన్నాను.

దోసిళ్ళతో పోశాడు. తువ్వాల ఇరుకై సగం మెట్ల మీద పడ్డాయి. ఒక కుడుక దొర్లి నీళ్ళలోకి పోతుంటే, స్నానం చేస్తున్న ఒకామె పట్టుకుని తెచ్చి నా ఒళ్ళో వేసి, ఏమీ అడగకుండా పోయింది. రవికె బట్ట పైన పెట్టి వాడు నా కాళ్ళకు మొక్కాడు. దీవించడానికి నా నోరు రాలేదు.

తర్వాత మూట కట్టిన గుడ్డను రెండు చేతుల మీదా పరిచి నా ముందు పట్టాడు. తిరిగి ఇచ్చే పిడికిళ్ళ కోసం. చీర సంగతి మరిచిపోయినవాడికి అది మాత్రం గుర్తుంది.

బియ్యంలో చెయ్యి పెట్టాను. పిడికిలి నిండింది. వాడి గుడ్డ మీదికి చెయ్యి పోయింది, అక్కడ ఆగింది. పిడికిలి మళ్ళీ నా ఒళ్ళోనే విప్పి, తువ్వాల ముడి వేశాను.

"ఈడ ఇయ్యను. మీ ఇంట్ల ఇస్త. గిప్పుడు నాకు చెప్పిందంత నీ పెండ్లానికి చెప్పు. ఆమె వచ్చి బొట్టు వెట్టి పిలిస్తే, అప్పుడు ఇస్త."

మూట నా సైకిల్‌కు కట్టుకున్నాను. వెనక్కి చూస్తే వాడు ఇంకా మెట్ల మీదే ఉన్నాడు, ఖాళీ గుడ్డను అట్లాగే రెండు చేతుల మీదా పరిచి పట్టుకుని.