వెళ్ళొస్తానంది

ఇది నిజం. మా ఆవిడ మీద ఒట్టేద్దును గానీ, ఆ స్థితిలో ఉన్న మనిషి మీద ఒట్టు వేయకూడదు. అందుకని గోదారమ్మ మీద ఒట్టు. నవ్వేవాళ్ళుంటే ఇప్పుడే లేచి వెళ్ళండి.

మా సుభద్ర కడియంలో మా నర్సరీ మొక్కలకి నీళ్ళు పెడుతూ కూలబడిపోయింది. పక్షవాతం. రాజమండ్రి తీసుకెళ్ళాం. మెదడు బాగా వాచిందన్నారు. వాపుకి చోటుండాలని తల ఎముక కొంత తీసేశారు. కట్టు మీద పెన్నుతో రాశారు... ‘బోన్ లేదు’ అని. అది చూడలేక నేను కాళ్ళ వైపే కూర్చునేవాణ్ణి.

“బతుకుతారనే అనుకుంటున్నామండి,” అన్నారు డాక్టరు గారు. “కానీ మాట వస్తుందా, మిమ్మల్ని గుర్తుపడతారా... ఇప్పుడే చెప్పలేం.”

“ఎప్పుడు చెబుతారండి?”

“ఆవిడే చెప్పాలండి.”

నాకు ఒళ్ళు మండింది. గొంతులో గొట్టం పెట్టి, ఆవిడే చెప్పాలంటాడేంటి ఈయన?

ఆ రాత్రి సిస్టర్ జాలిపడి కాసేపు లోపల కూర్చోనిచ్చింది. లైట్లు తగ్గించారు. ఊపిరి మిషను... హుస్... ఆగుతుంది... మళ్ళీ హుస్. ఏసీ నుంచి నీటిచుక్కలు పడుతున్నాయి. కళ్ళు మూసుకున్నాను. నిద్ర మాత్రం పోలేదు.

మిషను ఆగింది. ఎప్పుడూ ఆగేదే... కానీ ఈసారి ఎక్కువసేపు ఆగినట్టుంది. చుక్క కూడా పడలేదు. అప్పుడు... నా చెవి పక్కనే...

“వెళ్ళొస్తానండి.”

సుభద్ర గొంతే. పొద్దున్నే నర్సరీకి బయల్దేరుతూ గుమ్మంలో అనే మాట. అదే తొందర.

అలవాటు చొప్పున నా నోరు అనేసింది... “ఆఁ, వెళ్ళిరా.”

అన్నాక తెలిసింది, ఏమన్నానో.

కళ్ళు తెరిచాను. ఆమె కదల్లేదు. పెదాల మధ్య గొట్టం అలాగే ఉంది. మిషను హుస్ మంది. పక్క మంచం దగ్గరున్న సిస్టర్ తిరిగి చూసింది.

“ఎవరిని వెళ్ళిరమ్మంటున్నారు బాబాయ్ గారూ?”

ఆమెకి నా గొంతొక్కటే వినపడిందట.

గొట్టం ఉండగా మాట రాదన్నారు డాక్టరు గారు. మా బావమరిది మాత్రం, “వస్తాననేగా బావా అంది, మంచిదే,” అన్నాడు. “వెళ్తానని కూడా అంది కదరా,” అన్నాను.

ఇప్పుడు ఇంటికి తెచ్చుకున్నాం. కళ్ళు తెరుస్తుంది. జావ మింగుతుంది. నన్ను చూస్తుంది... ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. నిన్న ఉండబట్టలేక అడిగేశాను.

“సుభద్రా... నువ్వు వెళ్ళావా, వచ్చావా?”

రెప్ప వేసింది. ఒక్కసారే. రెండింట్లో దేనికి వేసిందో నాకు తెలియలేదు.