రాహేలమ్మ శుక్రవారం ఉపవాసం

అది 2021. శ్రీకాకుళం జిల్లాలో సముద్ర తీరం వైపు ఓ చిన్న డయాలసిస్ కేంద్రంలో నేను నర్సును. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళ రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేయడమే డయాలసిస్. ఒక్కో విడత నాలుగు గంటలు పడుతుంది.

రాహేలమ్మ మంగళ, గురు, శనివారాల్లో వచ్చేది. కళింగపట్నంలో చేపలు ఎండబెట్టి అమ్ముతూ కూతుర్ని ఎచ్చెర్లలో ఎమ్మెస్సీ దాకా చదివించింది. భర్త యోహాను పడవ మీద వేటకు వెళ్తాడు. వంశధార నదిలో ముంచి తనకు బాప్తిస్మం ఇచ్చిన నాటి నుంచి ఒక్క ఆదివారం కూడా చర్చి మానలేదని గొప్పగా చెప్పుకునేది. ఎడమ చేతికి సూదులుంటే కుడి చేత్తో చిన్న నోటుపుస్తకం పట్టుకుని, అందులో రాసుకున్న మా పేషెంట్లందరి పేర్లూ వరసగా చదివి ప్రార్థన చేసేది.

"నా పేరు తీసేయమ్మా, మా ఇంట్లో ఊరుకోరు" అన్నాడు పక్క మంచం పెద్దాయన ఓసారి.

"తీసేస్తే మాత్రం పైనున్నాయనకి తెలీదేటి బాబూ?" అని నవ్వింది.

ఒక గురువారం సూదులు తీస్తుంటే నా ముఖంలోకి చూసింది.

"ఏటి సిస్టరమ్మా, మొకం అలగుంది?"

మర్నాడు విశాఖలో మా అమ్మకు గుండె ఆపరేషన్ ఉందని చెప్పాను. ఏడుపు ఆగలేదు.

"రేపు పొద్దు గూకేదాకా ఉపాసముండి మీయమ్మ కోసం పార్దన సేస్తాను. నువ్వు దిగులెట్టుకోకు."

నేను రోజూ ఇంట్లో దీపం పెట్టుకునే మనిషిని. అయినా ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో. ఇలాంటి పేషెంటును ఉపవాసం వద్దనాలి. నా స్వార్థం నా నోరు నొక్కేసింది. "ఉపవాసం విడిచాక నీళ్ళు మాత్రం తాగెయ్యకమ్మా, ఒంట్లో చేరిపోతాయి" అని ఊరుకున్నాను.

"సుక్క ముట్టను" అంది.

శుక్రవారం అమ్మ ఆపరేషన్ బాగా జరిగింది. శనివారం పొద్దున ఆ కబురు ముందు రాహేలమ్మకే చెప్పాలని విశాఖ నుంచి తొలి బస్సులో గబగబా వచ్చాను. యోహాను ఆమెను ఆటోలోంచి ఎత్తుకుని దించుతున్నాడు. కాళ్ళు నిలబడటం లేదు. నాడి సరిగ్గా అందడం లేదు. యంత్రానికి కలిపేలోపే గుండె ఆగిపోయింది. డాక్టరూ నేనూ మార్చి మార్చి ఛాతీ నొక్కాం. తిరిగి కొట్టుకోలేదు.

రక్త పరీక్షలో పొటాషియం విపరీతంగా ఉంది. ఒంట్లో ఎక్కువైన ఈ లవణాన్ని కిడ్నీలే బయటికి పంపాలి. అవి పనిచేయకపోతే అది పేరుకుని గుండెను ఆపేస్తుంది. ఏవి తినకూడదో, తాగకూడదో రాసిన కాగితం మేం అందరికీ ఇచ్చేవాళ్ళం. అది ఇంగ్లీషులో ఉండేది. రాహేలమ్మ దాన్ని కూతురితోనైనా చదివించుకోకుండా భద్రంగా మడిచి తన తెలుగు బైబిల్లో పెట్టుకుంది.

సమాధి చేసిన మూడో రోజు యోహాను వచ్చాడు.

"నువ్వొద్దన్నావని నీళ్ళు ముట్టనేదమ్మా. ఉపాసం ఇడిసాక నీరసపడిపోనాదని నేనే సెట్టెక్కి మూడు బొండాలు దించి కొట్టిచ్చాను. బొండం మంచిదే కదా? మరెందుకిలాగయినాది?"

మా వైపు జ్వరమొచ్చినా, నీరసమొచ్చినా ముందు ఇచ్చేది కొబ్బరి నీళ్ళే. వాటినిండా పొటాషియమే. అబద్ధం చెప్పేద్దామనుకున్నాను. కానీ అప్పటికే మేం చేసిన పరీక్షలో ఆయన కిడ్నీల్లోనూ తేడా కనబడింది. రేపు ఆయనా అదే తాగుతాడు. ఉన్నదంతా చెప్పేశాను.

"అయితే నా సేతుల్తోనే ఇచ్చానన్నమాట" అన్నాడు.

"కాదు బాబాయ్. తప్పు నాది. నేను చెప్పలేదు."

ఆయన సంచిలోంచి నోటుపుస్తకం తీసి చివరి పేజీ చూపించాడు. అక్కడ మా అమ్మ పేరుంది.

"ఎలాగున్నాదమ్మా ఆవిడ?"

బాగుందని చెప్పాను, ఆ పేజీ వైపే చూస్తూ.

ఆ తర్వాత ఏవి వద్దో నేనే తెలుగులో రాసి గోడకంటించాను. అన్నిటికన్నా పైన కొబ్బరి నీళ్ళు. అయినా చదువుకుంటారులే అని వదలను. కొత్తగా చేరిన ప్రతివాళ్ళ పక్కనా కూర్చుని, మీ దొడ్లో ఏముంది, నీరసమొస్తే ఇంట్లో ఏమిస్తారు అని అడుగుతాను. కొందరు నవ్వుతారు.

"బొండం నీళ్ళకి ఎవులైనా సస్తారేటి సిస్టరమ్మా?"

అప్పుడు రాహేలమ్మ సంగతి చెబుతాను. ఆ రోజు ఆమె ఎవరి కోసం ఉపవాసం ఉందో కూడా దాచకుండా చెబుతాను.