కప్పీ మింగిన బలం

ఆ వీధిలో ఆయన్ని అందరూ నూరుశాతం మాస్టారు అనేవారు. అందులో కాస్త వెక్కిరింపు ఉంది. హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినన్నాళ్ళూ ఆయన ఏ పేపరుకీ నూటికి నూరు వెయ్యలేదు. ఎందుకు సార్ అని పిల్లలు నిలదీస్తే, "మనం పెట్టిన పనంతా తిరిగి ఇచ్చే యంత్రం లోకంలో ఎక్కడా లేదురా, నువ్వొక్కడివీ ఊడిపడ్డావా?" అనేవారు. పెళ్ళయిన కొత్తలో భార్య కూడా ఓ మాట అంది: "మీరు తినే అన్నంలో ఇంటి పనికొచ్చేది ఎంత శాతమో కాస్త చెప్పండి చూద్దాం." ఆయన లెక్క వెయ్యకుండా తప్పించుకున్నది ఆ ఒక్కసారే.

ఆమె బట్టలు కుట్టేది. వాళ్ళకు పిల్లలు లేరు. ఉన్నదంతా మూడో అంతస్తులో రెండు గదులు, వీధి వైపు ఒక బాల్కనీ. ఆయన రిటైరైన ఏడాదే ఆమెకు ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు పట్టుకుంది. మొదట మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. తర్వాత జడ వేసుకున్నా వచ్చింది. చివరికి గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషను మంచం పక్కన చేరింది. అది రాత్రింబవళ్ళు గుర్రు పెట్టేది. "ఇద్దరు మొగుళ్ళతో వేగుతున్నాను, ఇద్దరూ గురక వీరులే," అని ఆమె నవ్వేది. నవ్వితే దగ్గొచ్చేది.

ఆ ఏడు వానలకు ఊరి పైన చెరువు కట్ట తెగింది. ఒక్క పూటలో వీధి కాలువైపోయింది. కింది ఇళ్ళవాళ్ళు తలుపులకు తాళాలు వేసుకుని ముందే వెళ్ళిపోయారు. ఆమెను కదిలించే వీలు లేక వీళ్ళు ఉండిపోయారు. వీళ్ళ కోసం కాకపోయినా, మేడ మీద గదిలో అద్దెకుండే పెయింటరు కూడా ఉండిపోయాడు. బిల్డింగుకి రంగులు వేస్తూ పని సగంలో ఉండగా వాన మొదలైంది. సామానంతా అక్కడే ఉంది.

కరెంటు పోయింది. బ్యాటరీ మీద మిషను కొంతసేపు నడిచి, తెల్లారాక కీచుమంటూ ఆగిపోయింది. మాస్టారు ఇంట్లో ఉన్న చిన్న సిలిండరు తగిలించారు. దాని మీటరు ముల్లు అప్పటికే సగానికి కింద ఉంది. ఆసుపత్రికి ఫోన్ మీద ఫోన్ చేశారు. ఆసుపత్రి చుట్టూ కూడా నీళ్ళే. మనుషుల్ని తీసుకురాలేమనీ, పెద్ద సిలిండరు ఒకటి పడవలో పంపుతామనీ చెప్పారు. దానితో రెండు రోజులు గడుస్తుంది.

పడవ పొద్దెక్కాక వచ్చింది. మెట్ల దారి గుమ్మం నిలువెత్తు నీళ్ళలో మునిగి ఉంది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు బాల్కనీలకు ఇనప గ్రిల్లులు, వాటికి తాళాలు. పడవ వీళ్ళ బాల్కనీ కిందికి మాత్రమే రాగలిగింది.

"పైకి లాక్కోండి సార్! తొందరగా! ఇంకా నాలుగిళ్ళకు ఇవ్వాలి!" పడవవాడు కింద నుంచి అరిచాడు.

డెబ్భై కిలోల ఇనుము. పైకి పది మీటర్ల ఎత్తు. పైన ఇద్దరు: పొట్ట ఆపరేషను కుట్లు ఇంకా పూర్తిగా మానని అరవై దాటిన మనిషి ఒకరు, ఎముకలు లెక్కపెట్టొచ్చేంత బక్కగా ఉన్న పెయింటరు ఒకడు.

పెయింటరు మేడ మీద నుంచి తన కప్పీలు, తాడు తెచ్చాడు. గోడకు రంగు వేసేటప్పుడు తాను కూర్చునే పలకను వేలాడదీసే సామాను అది. బాల్కనీకి పైన బయటికి పొడుచుకొచ్చిన ఇనప దూలానికి ఒక కప్పీ బిగించాడు. రెండో కప్పీని తాడుకు వేలాడదీసి కిందికి వదిలాడు. పడవవాడు సిలిండరును దాని కొక్కేనికి కట్టాడు.

"రెండు వరసల తాడు, కాబట్టి సగం బరువే," అన్నారు మాస్టారు. "ముప్ఫై అయిదు కిలోలు. లాగెయ్యొచ్చు."

లాగారు. సిలిండరు పడవ నుంచి జానెడు లేచి ఆగిపోయింది. ఇద్దరూ వెనక్కి వాలి వేలాడినా కదల్లేదు. తడి తాడు అరచేతుల్లోంచి జారిపోయింది. సిలిండరు దబ్బున పడవలో పడింది. పడవ ఒరిగిపోయి, పడవవాడి బూతులు మూడో అంతస్తు దాకా వినిపించాయి.

"ఇది మన వల్ల కాదు మాస్టారూ," అన్నాడు పెయింటరు. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు.

లోపలి నుంచి ఆమె పిలిచింది. "ఏమండీ, ఒకసారి ఇటొచ్చి కూర్చోండి."

ఆయన గుమ్మం దగ్గరే నిలబడి ముల్లు చూశారు. అది అడుగుకు చేరువైంది. ఆమె పెదవులు నీలంగా ఉన్నాయి.

"కూర్చోండి," అంది మళ్ళీ. "పోయేదేదో మీరు పక్కనుండగా..."

"నోర్ముయ్!" అన్నారాయన. కాపురంలో ఆమెను అంత మాట ఎన్నడూ అనలేదు. అని, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. కూర్చుంటే లేవలేననిపించింది.

బాల్కనీలోకి వచ్చి, "రెండు బకెట్లు పట్రా," అన్నారు పెయింటరుతో.

"ఇప్పుడు బకెట్లేంటి సార్?"

"సగం బలానికే లేవాలి, లేవలేదు. మన బలాన్ని ఏదో తినేస్తోంది. ఎంత తింటోందో తెలియకుండా మళ్ళీ లాగితే చేతులు ఊడిపోతాయి. ఈసారి పోతే మూడోసారి లాగే ఓపిక మనకుండదు."

కొక్కేన్ని పైకి లాక్కుని, దానికి పదిహేను లీటర్ల నీళ్ళ బకెట్టు తగిలించారు. లాగే కొసకు ఖాళీ బకెట్టు కట్టి, అందులో లీటరు చెంబుతో నీళ్ళు పొయ్యమన్నారు. కప్పీలు సరిగా ఉంటే ఎనిమిదో చెంబుకే అవతలి బకెట్టు లేవాలి. లేవలేదు. పది పోశాడు, పన్నెండు పోశాడు. పదిహేనో చెంబు పడ్డాక అది భారంగా కదిలింది.

మాస్టారు లెక్క కట్టారు. బరువు ఒక మీటరు లేవాలంటే తాడు రెండు మీటర్లు లాగాలి. అంటే పెట్టిన పని పదిహేను ఇంటూ రెండు, ముప్ఫై. వచ్చిన పని పదిహేను. దక్షత యాభై శాతం. సగం కష్టం ఆ తుప్పు పట్టిన ఇరుసులే మింగేస్తున్నాయి. కప్పీ వల్ల కలిసొచ్చింది సున్నా. డెబ్భై కిలోలకు డెబ్భై కిలోల బలమూ పెట్టాల్సిందే.

"ఇంకో రెండు వరసలు వేద్దామా?" అన్నాడు పెయింటరు.

"తాడు చాలదు. నీ దగ్గర గ్రీజుందా?"

"లేదు సార్."

"కుట్టు మిషను నూనె ఉంది!"

సీసా మొత్తం రెండు కప్పీల ఇరుసుల్లో ఒంపి, పెయింటరు సుత్తితో తట్టి తట్టి తిప్పాడు. ఎర్రటి తుప్పు నూనెతో కలిసి కారింది. మళ్ళీ చెంబులు పోశారు. పదో చెంబుకు బకెట్టు లేచింది.

"పదిహేను బై ఇరవై. డెబ్భై అయిదు శాతం," అన్నారు మాస్టారు. "డెబ్భైకి నలభై ఏడు పెడితే లేస్తుంది. నేను ఇరవై, నువ్వు ఇరవై ఏడు. లాగగలవా?"

"మీరు లాగగలరా, అది చెప్పండి ముందు."

ఆయన చేతులకు తువ్వాలు చుట్టుకున్నారు.

కొక్కేన్ని మళ్ళీ కిందికి వదిలితే, అప్పటిదాకా తిట్టుకుంటూ ఆగిన పడవవాడు సిలిండరు కట్టాడు. ఈసారి అది లేచింది. లాగడం, పెయింటరు తాడును రెయిలింగుకు ఒక చుట్టు వెయ్యడం, ఊపిరి తీసుకోవడం, మళ్ళీ లాగడం. మొదటి అంతస్తు దాటింది. మాస్టారికి పొట్టలో ఏదో చిరిగినట్టయింది. కళ్ళు బైర్లు కమ్మాయి. సిలిండరు రెండో అంతస్తు గ్రిల్లుకు తగిలి గిర్రున తిరిగింది.

అప్పుడే లోపల చిన్న సిలిండరు సన్నటి బుస్సు శబ్దం ఆగిపోయింది. దాని వెనకే ఆమె గాలి కోసం కొట్టుకుంటున్న చప్పుడు. మంచం కిర్రుమంటోంది.

"అక్కకి ఊపిరాడట్లేదు!" అన్నాడు పెయింటరు. "సార్, నేను చుట్టేసి పట్టుకుంటాను, మీరు లోపలికి వెళ్ళండి!"

మాస్టారు తల అటు తిప్పారు. కిటికీలోంచి దుప్పటిని పట్టుకున్న ఆమె చెయ్యి ఒక్కటే కనిపించింది. లోపలికి వెళ్తే ఆ చెయ్యి పట్టుకోవచ్చు. అంతకుమించి ఇవ్వడానికి తన దగ్గర ఏమీ లేదు. గాలి ఈ తాడు కొసన వేలాడుతోంది.

"లాగు!" అన్నారు. "లాగరా!"

ఆ మిగతా ఎత్తు ఎలా లాగారో ఆయనకు గుర్తులేదు. ఆయన ఏడుస్తూ లాగారనీ, ఆమెను పేరు పెట్టి పిలుస్తూనే ఉన్నారనీ పెయింటరు తర్వాత చెప్పాడు. సిలిండరు రెయిలింగు మీదికి ఒరిగింది. కౌగిలించుకుని లోపలికి పడేసి, దొర్లించుకుంటూ మంచం దాకా తెచ్చారు.

మూత మీద చెయ్యి వెయ్యబోతున్న పెయింటరును మాస్టారు ఒక్క తోపు తోశారు. "ముట్టుకోకు! నూనె చేతులు! ఆక్సిజన్‌కి నూనె తగిలితే భగ్గుమంటుంది!"

ఆమె కళ్ళు పైకి తేలిపోతున్నాయి. ఆయన పక్కనే నిలబడి సబ్బుతో చేతులు రుద్దుకున్నారు. బతుకులో అంత పొడుగైన పని ఆయన ఇంకోటి చెయ్యలేదు. బొబ్బలు చితికి నురగ ఎర్రగా వచ్చింది. శుభ్రమైన గుడ్డతో తుడుచుకుని, సిలిండరుకు కట్టి పంపిన సంచీలోంచి మీటరు తీసి బిగించి, మూత తిప్పారు.

బుస్సుమంది.

మాస్క్ పెట్టాక కూడా చాలాసేపు ఆమెలో చలనం లేదు. ఆయన ఆమె చెంపలు తడుతూ కూర్చున్నారు. పెయింటరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఎప్పటికో ఛాతీ ఒకసారి పెద్దగా ఎగసింది. ఇంకోసారి ఎగసింది. ఆమె కళ్ళు తెరిచి ఆయన చేతులను చూసింది.

నీళ్ళు తీశాక ఆమెను ఆసుపత్రికి చేర్చారు. మాస్టారికి పక్క వార్డులో మళ్ళీ కుట్లు వేశారు. ఇద్దరూ ఇంటికి తిరిగొచ్చారు గానీ, ఆమె మంచం దిగి నడిచింది తక్కువ. తర్వాతి ఎండాకాలంలో, కరెంటు బాగానే ఉండగా, మిషను బాగానే నడుస్తుండగా, ఒక మధ్యాహ్నం ఆమె పోయింది. ఆ రోజు లాగడానికి తాడేమీ లేదు. ఆయన పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నారు.

కొన్నాళ్ళకు పెయింటరు బ్రష్షులు, డబ్బా పట్టుకుని వచ్చాడు. వాన చెమ్మకు ఆమె పడుకునే గది గోడలు పెచ్చులూడి ఉన్నాయి.

"ఏ రంగు వెయ్యమంటారు మాస్టారూ?"

మాస్టారు గోడ మీద పెచ్చులూడిన చోట చెయ్యి వేశారు.

"ఆవిడకి ఏ రంగు ఇష్టమో ఎప్పుడూ అడగలేదయ్యా," అన్నారు.

పెయింటరు డబ్బా కింద పెట్టి, ఆయన పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ రోజు పని మొదలుపెట్టలేదు.