మీటరు మీద బొట్టు

నేను అగ్నిమాపక శాఖలో పనిచేస్తాను. ఏటా చేసే తనిఖీ కోసం ఈ ఉదయం అనకాపల్లిలో ఒక బెల్లం కొట్టుకు వెళ్లాను. మంటలార్పే ఎర్ర సిలిండరు గోడకు వేలాడుతోంది. అయితే దసరా ఆయుధపూజ నుంచి రోజూ పెడుతున్న పసుపు కుంకుమలు దాని ప్రెషరు మీటరు మీద గట్టిపడి ముల్లు కనిపించడం లేదు. తుడవబోయాను.

"శుక్రవారం పూట బొట్టు సెరపకూడదు బాబూ. రేపు రండి," అంది కొట్టు యజమాని తల్లి.

"ఈలోగా నిప్పంటుకుంటే ఏటి సేత్తారు మామ్మా?"

"అంటుకోకూడదనే కదా రోజూ పూజ సేత్తన్నాను."

ఆ మాట అంటూనే గోనెసంచుల పక్కన కర్పూరం వెలిగించి, సిలిండరుకు హారతిచ్చి, పళ్లెం నా ముందుకు తెచ్చింది. యూనిఫాంలో ఉండి కూడా కళ్లకద్దుకున్నాను. తనిఖీ రిపోర్టులో ఏమని రాయమంటారు?