చెప్పకుండా పోయిన పొద్దులు

ఎల్బీనగర్‌లో రింగురోడ్డు వెనక సందులో, సాంబమూర్తి గారి మేడమీద రెండు గదుల్లో కిరాయికుండే యాదలక్ష్మికి ఆ ఏడు లోకంలో ఒక్కటే కోరిక. కొడుకు మధు పొద్దెక్కేదాకా పడుకోవాలి. వాడికింకా రెండేళ్లు నిండలేదు. ఊరూవాడా తెలంగాణ రావాలని మొక్కుకుంటున్న రోజులవి. ఆమె కూడా మొక్కేది, కాదనలేం. కాకపోతే ముందు కొడుకు నిద్ర సంగతి చెప్పుకుని, తర్వాతే రాష్ట్రం సంగతి ఎత్తేది.

యాదలక్ష్మి సిటీ బస్సులో కండక్టరు. ఆడమనిషి చీకటి పడకముందే ఇల్లు చేరాలని డిపోలో ఆమెకు మొదటి షిఫ్టు వేసేవాళ్లు. మంచి మాటే. కానీ దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ మీదుగా కోఠికి పోయే ఆ మొదటి బస్సు కదిలే వేళకు కోడి కూడా ఇంకా కునుకులోనే ఉంటుంది. ఆమె నాలుగింటికి లేచేది. ఆమెతోపాటే మధు లేచేవాడు. ఖాకీ కోటు కంటపడిందంటే అంతే సంగతులు. మెట్లదాకా వచ్చి, కాళ్లు చుట్టేసుకుని, సందు సందంతా దీపాలు వెలిగేలా ఏడ్చేవాడు.

అత్త అండాలమ్మ నల్లగొండ దిక్కు పల్లెలో ఆరుగురిని పెంచిన మనిషి. పిల్లల విషయంలో ఆమె మాటకు ఎదురు లేదు.

"చెప్పి పోతే పోరడు ఏడుస్తడు బిడ్డా. వాని కండ్లల్ల పడకుంట పో," అంది.

ఉపాయం కూడా ఆమే చెప్పింది. మధుకు తల్లి కొంగు పిడికిట్లో ఉంటే తప్ప నిద్ర పట్టదు. అందుకని యాదలక్ష్మి విడిచిన చీరను దిండుకు చుట్టి తన చోట పడుకోబెట్టేది. వాడి వేళ్లు ఒక్కొక్కటే విప్పి, ఆ చీర చెంగు అందించి బయటపడేది. కోటు సంచిలో, చెప్పులు చేతిలో. సొంత ఇంట్లోంచి ఈ దొంగనడక ఏమిటని ఆమెకే నవ్వొచ్చేది. ఓసారి చీకట్లో బిందెకు బొటనవేలు తగిలి ప్రాణం పోయినంత పనైతే, తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా మెట్లు దిగింది.

ఓ వారం గడిచిందో లేదో, మధు ఇంకా ముందు లేవడం మొదలుపెట్టాడు. మూడింటికే లేచి కూర్చునేవాడు. ఏడుపు లేదు. చీకట్లో తల్లి ముఖం తడిమి, "అమ్మా" అనేవాడు. ఆమె "ఆఁ" అంటే పక్కన వాలేవాడు. ఆమె కళ్లు మూతపడేలోపు మళ్లీ లేచి మళ్లీ తడిమేవాడు. మొదట్లో ఇంట్లో వాళ్లకు అది ఆట కాబోలనిపించింది.

ఇక తలా ఒక వైద్యం. అండాలమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచింది. భర్త కృష్ణ, దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల షాపులో పనిచేసేవాడు, దర్గాకు పోయి తాయెత్తు కట్టించుకొచ్చాడు. కట్టించిన పుణ్యానికి ఆ రాత్రి తను మాత్రం హాయిగా గురకపెట్టి నిద్రపోయాడు. సాంబమూర్తి గారి భార్య కింద వాటాలోంచి, "మధ్యాహ్నం పడుకోనివ్వకండి యాదలక్ష్మి గారూ, రాత్రికి అలసిపోయి తనే పడుకుంటాడు," అని గోదావరి యాసలో సలహా చెప్పింది. నెత్తిమీద ఆ అలికిడితో ఆవిడకూ నిద్ర లేదు పాపం. పగటి నిద్ర మాన్పించారు. వాడు నోట్లో ముద్ద నోట్లోనే ఉండగా దీపాలు పెట్టే వేళకే ఒరిగిపోయి, రెండింటికే లేచి కూర్చున్నాడు.

బస్సులో యాదలక్ష్మి కడ్డీకి ఆనుకుని నిలబడే కునికేది. చిల్లర ఒకరిది ఒకరికిచ్చి మాటలు పడేది. ఒక తెల్లవారుజామున ఇక ఓపిక నశించి, ముఖం తడుముతున్న పిల్లాడి వీపున ఒక్కటి వేసింది. వాడు ఏడవలేదు. కొంగూ వదల్లేదు. ఆ దెబ్బ తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ చెయ్యి మండుతుంది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులన్నీ డిపోల్లో ఆగిపోయాయి. మొదటి షిఫ్టూ లేదు, రెండో షిఫ్టూ లేదు. పొద్దు బాగా ఎక్కాక యాదలక్ష్మి అన్నం తిని, డిపో గేటు ముందు వేసిన టెంటుకు పోయేది. పట్టపగలు దాక్కుని పోవలసిన పనేముంది? చెప్పే పోయేది.

"పోయొస్త మధూ. బువ్వ తిని ఆడుకో. మాపటికి ఒస్త."

మొదటిరోజు ఏడ్చాడు. మర్నాడు కాస్త తగ్గించి ఏడ్చాడు. ఆపైన మెట్ల దగ్గర నిలబడి చెయ్యి ఊపడం నేర్చాడు. కొన్నాళ్లు వాణ్ని కూడా టెంటుకు తీసుకుపోయింది. గేటు ముందు ఆడవాళ్లు బతుకమ్మ ఆడుతుంటే మధు మధ్యలో దూరి చప్పట్లు కొట్టాడు.

ఒకరోజు యాదలక్ష్మి కళ్లు తెరిచేసరికి గదినిండా ఎండ. పక్కన మధు కాళ్లూ చేతులూ బార్లా చాపి పడుకుని ఉన్నాడు. పిడికిట్లో ఏమీ లేదు. ఆమె చాలాసేపు వాణ్ని చూసింది. వాడికి ఏ రోగమూ లేదు, ఏ దిష్టీ లేదు. నిద్రపోతే తల్లి మాయమవుతుందని కాపలా కాశాడు, అంతే. ఈమె ఎంత దొంగతనంగా పోతే వాడు అంత ముందు లేచాడు.

"అత్తా, పోరన్ని మనమే గట్ల చేసినం," అంది ఆ పూట.

"గంత తెలివి ఉంటదా పసోనికి? ఆరుగురిని గట్లనే పెంచిన నేను," అని అండాలమ్మ కొట్టిపారేసింది.

దసరా దాటిన కొన్నాళ్లకు బస్సులు మళ్లీ కదిలాయి. ముందురోజు రాత్రి యాదలక్ష్మి కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"రేపు చీకట్లనే డ్యూటీకి పోవాలె బిడ్డా. నిన్ను లేపి, చెప్పే పోత. సరేనా?"

"లేపు," అన్నాడు మధు.

"లేపుత."

నాలుగింటికి ఆమె లేచి కోటు తొడుక్కుంది. మధు గాఢనిద్రలో ఉన్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేసింది కూడా. చాపమీంచి అండాలమ్మ, "లేపకు బిడ్డా. ఇన్నొద్దులకు నిద్ర అలవాటైంది. ఒక్క రోజుకు ఏమైతది?" అంది. అత్త మీద నెపం వేయడం తేలికే. నిజానికి యాదలక్ష్మికే భయమేసింది. లేస్తే ఏడుస్తాడు, ఏడిస్తే ఆలస్యమవుతుంది, ఇన్నాళ్ల తర్వాత మొదటి బస్సు. రేపు చెబుదాంలే అనుకుంది. ఈసారి విప్పాల్సిన వేళ్లు కూడా లేవు. చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోయింది.

మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో క్రీం బన్ను కొనుక్కుని ఇంటికొచ్చింది. మధు ఓసారి తలెత్తి చూసి, మళ్లీ మూతలతో ఆడుకోవడంలో పడ్డాడు. బన్ను తీసుకున్నాడు, తిన్నాడు. ఒళ్లోకి రాలేదు.

అండాలమ్మ సంతోషంగా చెప్పింది. "ఒక్క పారి గూడ ఏడ్వలే. లేసి, గదులన్ని తిరిగిండు. బాత్రూం తలుపు తెరిసి సూసిండు. మంచం కింద సూసిండు. మల్లొచ్చి నా పక్కల పండుకున్నడు. బుద్ధిమంతుడైండు నీ కొడుకు."

యాదలక్ష్మి బాత్రూంలోకి పోయి, నీళ్లు వదిలి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ రాత్రి మధు నాయనమ్మ చాప మీదికి చేరాడు. తల్లి పిలిస్తే ముసలామె చీరలో ముఖం దాచుకున్నాడు. మర్నాడు నాలుగింటికి యాదలక్ష్మి మాట నిలబెట్టుకుంది. వాణ్ని లేపి, "పోయొస్త బిడ్డా," అంది. వాడు కళ్లు తెరిచి, ఖాకీ కోటు చూసి, నాయనమ్మ వైపు తిరిగి పడుకున్నాడు. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు మరి.

అప్పటినుంచి మధు ఏడింటిదాకా కదలకుండా నిద్రపోతాడు. "ఏం మందు వేశారండీ?" అని కింది వాటా ఆవిడ అడిగింది. "మందేం లేదమ్మా, దానంతట అదే పోయింది," అంది యాదలక్ష్మి.

రోజూ పోయేముందు వాడి చెవి దగ్గర వంగి పోయొస్తానని చెబుతుంది. వాడు కదలకపోతే ఇంకాస్త గట్టిగా చెబుతుంది. ఒకనాడు ఉండబట్టలేక, గూట్లోని స్టీలు గ్లాసు చేతులారా కింద పడేసింది.

"మెల్లగ బిడ్డా, పోరడు లేస్తడు," అంది అండాలమ్మ.

యాదలక్ష్మి గడపలో నిలబడి చూసింది. డిపోకు తీసుకుపోయే బండి డ్రైవరు కింద సందులో హారన్ కొట్టేదాకా చూసింది. మధు లేవలేదు.