అవుటిచ్చి సారీ చెప్పే అంపైరు

మా థార్న్‌బెక్ ఊళ్ళో సిరిల్ ఆగ్డెన్ గారు సారీ చెప్పని ప్రాణి లేదు. కాలు తొక్కించుకునేదీ ఆయనే, సారీ చెప్పేదీ ఆయనే. ఒకసారి వానలో దీపస్తంభాన్ని గుద్దుకుని, "సారీ అండీ, చూసుకోలేదు" అని టోపీ తీయడం నేను కళ్ళారా చూశాను. స్తంభం బదులు పలకకపోయేసరికి కాస్త నొచ్చుకున్నట్టు కూడా కనిపించారు.

ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. స్టేషన్లో మైకు ముందు కూర్చుని రైళ్ళ ఆలస్యానికి చింతించే పని. రిటైరయ్యాక కూడా రైళ్ళు ఆలస్యంగా రావడం మానలేదు, ఈయన చింతించడమూ మానలేదు.

అలాంటి మనిషిని తెచ్చి మా క్రికెట్ క్లబ్బుకు అంపైరుగా పెట్టారు. నేను వికెట్ కీపర్ని. బంతి బ్యాటుకు తగిలిందని గొంతు చించుకుని అరుస్తానా, ఆయన తాపీగా, "అడిగినందుకు థ్యాంక్యూ బార్నీ. అవుట్ కాదు. సారీ" అనేవారు. ఇక అవుటిస్తే చూడాలి! వేలెత్తుతూనే మొహం పరామర్శకు వచ్చినవాడిలా పెట్టి, "సారీ బాబూ, ఎంత చక్కగా ఆడుతున్నావో!" అనేవారు. సున్నాకే అవుటైన కుర్రాడొకడు ఆ మొహం చూడలేక, "ఊరుకోండి, మీరు మాత్రం ఏం చేస్తారు" అని ఈయన్నే ఓదార్చి వెళ్ళాడు.

ఓ రోజు పెవిలియన్ గుమ్మంలో ఈయనా, పాస్టరు గారూ ఎదురుపడ్డారు.

"ముందు మీరు."

"అబ్బే, మీరే రండి."

"లేదు లేదు, ప్లీజ్."

వాన మొదలైంది. ఆ వానలో ఈయన తడుస్తున్నారు, లోపల పాస్టరు గారి వెనక మేమంతా ఇరుక్కుపోయాం.

"ఎవరో ఒకరు కదిలి చావండయ్యా!" అని అరిచాను.

ఇద్దరూ ఒక్కసారే, "సారీ" అన్నారు. కదలలేదు.

మా ఆటకు ప్రాణం మధ్యలో వచ్చే టీ. శాండ్‌విచ్‌లూ కేకులూ అన్నీ మేవిస్ గారే చేసి తెచ్చేవారు. శీతాకాలంలో ఆవిడ భర్త స్టాన్లీ పోయాడు. అప్పట్నించి శనివారం టీ కోసం తప్ప ఆవిడ ఇల్లు కదలడం లేదు. వచ్చినా మనసు ఇక్కడ ఉండేది కాదు. ఒక వారం టీ ఆకు వేయడం మరిచిపోయి అందరికీ వట్టి వేడినీళ్ళు పోశారు. మేం కప్పుల్లోకి చూస్తూ కూర్చుంటే, సిరిల్ గారు గుక్క తాగి, "టీ చాలా తేలిగ్గా ఉంది మేవిస్. ఇంకో కప్పు, ప్లీజ్" అన్నారు.

మా కెప్టెన్ డంకన్ నవ్వలేదు. ఆవిడ వెళ్ళాక, "ఇంకొక్క పొరపాటు జరిగిందా, ఆవిణ్ణి మాన్పించి బజారు నుంచి తెప్పిస్తా" అని తేల్చేశాడు. బూట్ల లేసులు విప్పుకుంటున్న సిరిల్ గారు తల ఎత్తారు. సారీ కూడా అనలేదు.

మరుసటి శనివారం మేవిస్ గారు పెద్ద కేకు తెచ్చారు, మధ్యలో జామూ మీగడా పెట్టి.

"మొదటి ముక్క అంపైరు గారికే."

"అబ్బే, ముందు వాళ్ళకి..."

"తినండి సిరిల్. మా స్టాన్లీకి ఇదంటే ప్రాణం."

ఆయన కొరికారు. రెండు చెవులూ ఎర్రబడ్డాయి. అప్పటికే డంకన్ ప్లేటు చాపాడు. అప్పుడు జరిగిందండీ వింత! పళ్ళెంలో ఆఖరి బిస్కెట్టును జన్మలో ముట్టని ఆ మనిషి కేకు మొత్తం తన వైపు లాక్కుని, రెండు చేతులూ అడ్డం పెట్టారు.

"ఇది నాది."

"అంతా?" అన్నాడు డంకన్.

"అంతా!"

ప్లీజ్ లేదు, సారీ లేదు. ముక్క మీద ముక్క మింగుతున్నారు. పాస్టరు గారు కప్పు నోటిదాకా తెచ్చి అలాగే ఉండిపోయారు.

"ఇదేం తిండండీ, సిగ్గు లేదూ?" అన్నాడు డంకన్.

ఆయన నోటినిండా కేకుతో లేదని తల ఊపారు.

మేవిస్ గారు ఏప్రన్ నోటికి అడ్డం పెట్టుకుని పకపకా నవ్వారు. "ఓరి నాయనో, అంత నచ్చిందా!" స్టాన్లీ పోయాక ఆవిడ నవ్వు వినడం అదే మొదలు.

నాకు మాత్రం ఒళ్ళు మండింది. అందరూ మైదానంలోకి వెళ్ళాక, పళ్ళేనికి అంటుకున్న మీగడైనా దక్కుతుందని వేలితో గీకాను. కేకు పొడి కూడా వచ్చింది. నాలిక మీద పెట్టుకున్నాను.

ఉప్పు! పంచదార బదులు అంతా ఉప్పే.

కోపం ఎటు పోయిందో తెలియదు. బయటికెళ్ళి చూస్తే సిరిల్ గారు ఆట ఆపించి సీసాడు నీళ్ళు తాగుతున్నారు. దగ్గరికెళ్ళి మెల్లగా, "కేకు ఎలా ఉందండీ?" అన్నాను.

ఆయన డంకన్ ఎంత దూరంలో ఉన్నాడో చూసుకుని, "నీకు మిగల్చలేదు. సారీ బార్నీ" అన్నారు.

సాయంత్రం మేవిస్ గారు వెలిగిపోతున్న మొహంతో వచ్చారు. "సిరిల్, వచ్చే వారం కూడా అదే చేస్తాను. ఈసారి అచ్చంగా మీకొక్కరికే ఇంకోటి!"

ఆయన గుటక మింగి, "ప్లీజ్" అన్నారు.

"మేవిస్ గారూ, ఈసారి పిండి కలపడానికి నేనూ వస్తా. నాకు నేర్పాలి" అన్నాను.

"థ్యాంక్యూ బార్నీ" అన్నారు సిరిల్ గారు, ఆవిడ కంటే ముందే. ఆయన నోట రోజూ వినే మాటే. ఇంత మనస్ఫూర్తిగా అనడం మాత్రం ఎన్నడూ వినలేదు.