మా ఆయన చేతి మీద తెల్లగీత

మా అత్తమ్మ దగ్గర ఒక పరీక్ష ఉండేది. మా ఆయన చిన్నప్పుడు పొద్దుగూకే వేళకు ఇల్లు చేరితే, ఎక్కడికి పోయావని అడిగేది కాదట. చెయ్యి పట్టుకుని మోచేతి కింద గోటితో ఒక గీత గీసేది. నీళ్లలో నాని ఎండిన ఒళ్లయితే గీత తెల్లగా పడుతుంది. ఇక ఎంత బుకాయించినా లాభం లేదు, వాగులో ఈత కొట్టి వచ్చినట్టే. గీత పడిన రోజు కందికట్టె అందుకునేది. పడని రోజంటూ పెద్దగా లేదని ఆమే చెప్పేది, కొడుక్కి పతకాలు వచ్చినంత గొప్పగా.

నేను చిట్కుల్‌కు కోడలిగా వచ్చేసరికి ఆ ఈత లేదు. వాగు ఉంది, అందులో నీళ్లూ ఉన్నాయి, కానీ ఒకరోజు టీ డికాషన్ రంగు, మరొకరోజు గట్టు దాకా నురగ. చుట్టూ కంపెనీలు వచ్చాయి, ఆ కంపెనీల్లోనే మాకు జీతాలు వచ్చాయి, అందుకని నోరారా తిట్టుకునే భాగ్యం కూడా లేదు. పెళ్లికి ముందు ఒకసారి వాగు బురదలో దిగబడిన బర్రెను లాగడానికి మా ఆయన మోకాళ్ల దాకా దిగాడట. బర్రె బతికింది. ఆయన కాళ్లకు లేచిన పుండ్లు నెలల తరబడి మానలేదు. ఆ మచ్చలు నేను చూశాను. ఈతే చూడలేదు.

ఊళ్లో ఆయన ఈడువాళ్లు ఎవరు కనిపించినా, మీ ఆయన మనిషి కాదమ్మా చేప అనేవాళ్లు. చేపనో, చేపల కథనో నాకేం తెలుసు అని నేను ఎగతాళి చేసేదాన్ని. ఆయన నవ్వి ఊరుకునేవాడు. బాయిలర్ ఆపరేటర్ కదా, రోజంతా నిప్పు దగ్గర ఉండి వచ్చి బకెట్ నీళ్లతో స్నానం చేసేవాడు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. వాగు దాటి వచ్చినవాళ్లు ముందు బోరు నీళ్లతో కాళ్లు కడుక్కుని, కొబ్బరినూనె రాసుకుని, ఆ తర్వాతే లోపలికి రావాలి. ఎటైనా నీళ్లున్న చోటికి పోతే బోరు నీళ్ల క్యాను, నూనె సీసా వెంట ఉండాల్సిందే.

రెండు వేల సంవత్సరం దాటాక ఆ యాత్ర వచ్చింది. నేను అప్పుడు గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో, ప్యాకింగ్ సెక్షన్‌లో పని చేసేదాన్ని. భద్రతా వారోత్సవాల్లో మా సెక్షన్‌కు మొదటి బహుమతి వచ్చింది. ఎప్పుడూ స్టీలు టిఫిన్ డబ్బాలు ఇచ్చేవాళ్లు. ఆ ఏడు కొత్తగా వచ్చిన మేనేజరుకు ఏం బుద్ధి పుట్టిందో, భార్యాభర్తలకు ఒకరోజు కెన్యానింగ్ అని ప్రకటించాడు. అంటే ఏందని అందరం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. జహీరాబాద్ దాటి, కర్ణాటక సరిహద్దు గుట్టల్లో పారే ఒక వాగు వెంట, కాదు, వాగులోనే నడుస్తూ, రాళ్ల మీది నుంచి జారుతూ, తాడు పట్టుకుని దిగుతూ పోవాలట. డబ్బాలే నయం కదా అనుకున్నాను. కానీ వాగు అన్న మాట వినగానే ఒక ఆశ పుట్టింది. ఆయన ఈత ఒక్కసారి చూడాలి. ఆ ఆశతోనే ఆయన్ను వారం రోజులు సతాయించి ఒప్పించాను.

మమ్మల్ని తీసుకుపోయేది ఒక అమ్మాయి. సంగారెడ్డి పక్కనే ఉన్న పోతిరెడ్డిపల్లి పిల్లే. తల్లిదండ్రులిద్దరూ టీచర్లు, చర్చికి పోయే కుటుంబం. ఉత్తరాదిలో ఎక్కడో కొండలెక్కడం నేర్చుకుని వచ్చిందట. పొట్టిగా, సన్నగా, బిగించి అల్లిన జడతో ఉంది. ముందురోజే కంపెనీకి వచ్చి ఏమేం చేయాలో చెప్పింది. లేసులున్న పాత బూట్లు వేసుకోవాలి. మారుబట్టలు తెచ్చుకోవాలి. గాజులు, గొలుసులు ఇంట్లో వదిలేయాలి. పొద్దున కడుపు నిండా కాకుండా సగానికి తినాలి. గుండె జబ్బు, మూర్ఛ, గర్భం లాంటివి ఉంటే పక్కకు వచ్చి తనకొక్కదానికే చెప్పాలి. చీరతో వస్తే మాత్రం తాడు కట్టనంది. నా దగ్గర చీర తప్ప ఏముంది? మా ఆయన ట్రాక్ ప్యాంటు తొడుక్కుని, నాడా రెండు చుట్లు తిప్పి కట్టుకున్నాను. సదాశివపేట దాటేదాకా ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

ఎర్రరాతి గుట్ట అది. బండి దిగి చెట్లలోంచి కాసేపు నడిస్తే వాగు తగిలింది. హెల్మెట్లు, లైఫ్ జాకెట్లు, నడుముకూ తొడలకూ పట్టీలున్న బెల్టులు ఇచ్చింది. మాకు హెల్మెట్ కొత్తా? చెప్పకముందే అందరం గడ్డం కింది పట్టీ బిగించేసుకున్నాం. ఇంత బుద్ధిమంతుల గుంపు ఎప్పుడూ రాలేదని ఆ పిల్ల మురిసిపోయింది. ఇక దిగండి అనగానే మాత్రం ఎవరూ దిగలేదు. అందరం వాగు ఒడ్డున వరసగా కూర్చుని, దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూశాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. మా దిక్కు మనుషులకు చెయ్యి దానంతట అదే ముక్కు దగ్గరికి పోతుంది. ఆమె నిలబడి చూసి, ఏం చేస్తున్నారని అడిగింది.

మా సూపర్‌వైజరు లేచి అడిగాడు. "పైన ఏమన్న కంపెనీ ఉన్నదా మేడం?"

"పైన గుట్టనే ఉన్నది అన్నా. దాని మీద మబ్బు."

ఆమె నవ్వలేదు. సంగారెడ్డి పిల్ల కదా, మేమెందుకు అడిగామో ఆమెకు తెలుసు. తన దోసిట్లోకి నీళ్లు తీసుకుని మొహం కడుక్కుంది. అప్పుడు దిగాం. అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయి ఆ నీళ్లు. అడుగున నా బూటు లేసు ముడి కూడా కనిపించింది. నీళ్లలో నిలబడి నా కాళ్లు నేను చూసుకోవడం అదే మొదటిసారి.

మొదటి తాడు దగ్గర నీళ్లు రెండు నిలువుల ఎత్తు నుంచి కిందికి దూకుతున్నాయి. కింద ఆమె సహాయకుడు నిలబడ్డాడు. ఒకరు దిగి తాడు విప్పుకోగానే అతను పొడుగ్గా ఈల వేస్తాడు, అప్పుడు రెండోవాళ్లు రావాలి. మొదటి మనిషి దిగాడు. ఈల మోగింది. ఆమె వెనక్కి తిరిగి చూస్తే వరసలో ఒక్కరూ లేరు. మా కంపెనీలో పొడుగు ఈల వినబడిందంటే ప్రమాదమని అర్థం, ఉన్న పని ఉన్నట్టే వదిలేసి ఖాళీ జాగాకు పోయి సెక్షన్ల వారీగా నిలబడాలి. మేమందరం వెనక ఉన్న చదును బండ మీద అలాగే నిలబడ్డాం, సూపర్‌వైజరు తలలు లెక్కపెడుతున్నాడు. ఆమె కాసేపు అలాగే చూసి, మాకు ఈల పనికిరాదని, ఇక నుంచి చెయ్యి ఊపుతామని చెప్పింది. మమ్మల్ని మార్చే పని పెట్టుకోకుండా తన పద్ధతినే మార్చుకుంది. అది నాకు భలే నచ్చింది.

ఈ సందడిలో మా ఆయన్ను గమనించలేదు. చూస్తే, అందరికన్నా వెనక ఒక రాయి మీద కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. బూట్లు తడవలేదు. వాగు వెంట అందరం నీళ్లలో నడిచి వస్తే, ఆయన ఒడ్డు రాళ్ల మీద దాటుకుంటూ వచ్చాడన్నమాట. ఆ పిల్ల ఆయన పక్కన కూర్చుంది.

"ఈ తాడు దిగినంక ఎనుకకు తొవ్వ లేదు అన్నా. రానంటె ఇప్పుడే చెప్పు, దాంట్ల తప్పేం లేదు. బండి కాడికి పంపిస్త."

"రావాల్ననే ఉన్నది చెల్లె. నీళ్లను చూస్తుంటెనే కాళ్లు దురద పెడుతున్నయి."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆయన మీద కాదు, ఎవరి మీదో తెలియదు. నిప్పుల గది ముందు నిలబడి భయపడని మనిషి, తేటనీళ్ల ముందు ఇట్లా ముడుచుకుని కూర్చోవడం చూడలేకపోయాను. ఏదో అనబోతుంటే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఆపింది. తర్వాత ఆయనకు ఒక మాట చెప్పింది. మీరు మందుల కంపెనీల దిక్కు వాళ్లు కదా, సూది వేసే ముందు టెస్ట్ డోసు ఇస్తారు కదా, అట్లనే చేద్దాం. ఒక్క చెయ్యి నీళ్లలో పెట్టు, అందరూ దిగేదాకా అట్లనే ఉంచు, దురద లేస్తే బండి దగ్గరికి పోదాం.

ఆయన వంగి ఎడమ చెయ్యి నీళ్లలో పెట్టాడు. మా వాళ్లు ఒక్కొక్కరే తాడు మీద దిగుతున్నారు, ఒకరు దేవుణ్ని తలుచుకుంటూ, ఒకరు మేనేజర్ను తిట్టుకుంటూ. ఆ పిల్ల ఒక్కొక్కరి బెల్టూ గుంజి చూస్తోంది, బక్కిల్ మీద రెండుసార్లు తడుతోంది, భయపడే వాళ్ల కళ్లలోకి చూస్తూ వెనక్కి వాలమంటోంది. అంత పనిలోనూ మధ్యమధ్య మా ఆయన వైపు ఒక చూపు వేస్తూనే ఉంది. ఆయన మాత్రం చేతినే చూస్తున్నాడు. నేను ఆయన్నే చూస్తున్నాను. ఇంత ఆశపడి తీసుకొచ్చి ఈయన్ను బండి దగ్గర కూర్చోబెట్టి పోవాలా అనుకున్నాను.

చివరికి మేమిద్దరమే మిగిలాం. ఆమె వచ్చి ఆయన చెయ్యి పైకి తీసి, వేళ్ల సందుల్లో కూడా చూసి, నా ముందుకు తెచ్చింది.

"అక్కా, నువ్వు సూడు. ఏమన్న ఉన్నదా?"

అటూ ఇటూ తిప్పి చూశాను. దద్దు లేదు, ఎర్రన లేదు. నానిన వేళ్ల మీద ముడతలున్నాయి, అంతే. ఏం లేదన్నాను. ఆయన లేచి హెల్మెట్ పట్టీ సరిచేసుకున్నాడు. నీళ్లలో అడుగుపెట్టాడు, ఆగాడు, ఇంకో అడుగు వేశాడు. బాయిలర్ల మీద ఎత్తులు ఎక్కడం దిగడం ఆయనకు రోజూ పనే, తాడు మీద నిచ్చెన దిగినంత సులువుగా దిగిపోయాడు. నా దిగుడు సంగతి చెప్పకపోవడమే మంచిది. సగంలో బండను కౌగిలించుకుని, ఇక్కడే ఉండిపోతాను, అన్నం ఇక్కడికే పంపండి అన్నాను. అప్పుడు ఆ పిల్ల పైనుంచి, కాళ్లు వెడల్పు చెయ్యి అక్కా, కూర్చున్నట్టు వాలు అని నెమ్మదిగా చెప్తూ చెప్తూ నన్ను కిందికి చేర్చింది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. ఆ గొంతు వింటే ఎవరైనా దిగుతారు.

తర్వాత నున్నటి బండ మీద కూర్చుని జారాం. ట్రాక్ ప్యాంటు వెనక భాగం అక్కడే అరిగిపోయింది. నడుము లోతులో చెయ్యీ చెయ్యీ పట్టుకుని దాటాం. రెండు వైపులా ఎర్రటి రాయి నిలువుగా లేచి, పైన సన్నటి ఆకాశం మిగిలింది. నాకు భయం ఎప్పుడు పోయిందో తెలియదు, వెతికితే లేదు. చివరికి ఒక గుండం వచ్చింది. లోతైనది, ఆకుపచ్చగా ఉంది, ఆ చివర నీళ్లు తెరలాగా పడుతున్నాయి. ఈత వచ్చినవాళ్లు దూకొచ్చు, రానివాళ్లు తాడు పట్టుకుని పక్కగా దాటొచ్చు అంది. మా ఆయన జాకెట్ తీసేయనా అని అడిగాడు. తన గుంపులో ఎవరూ జాకెట్ తీయరని, ఎంత మొనగాడైనా సరే తీయరని ఆమె తేల్చి చెప్పింది. ఆయన గొణుక్కుంటూ బండ అంచుకు పోయాడు.

దూకాడు. పైకి తేలి తల విదిలించాడు. ఆ తర్వాత నేను చూసింది మా ఆయన్ను కాదు. మా ఇంట్లో కుర్చీలోంచి లేవాలంటే నడుం పట్టుకునే మనిషి, పక్కకు ఒరిగి, ఒక చెయ్యి చాచి, చప్పుడు లేకుండా నీళ్లను కోసుకుంటూ పోతున్నాడు. నీళ్లు తోస్తుంటే వాటికి ఎదురు పోయాడు. తెర దాకా పోయి దాని వెనక్కి మాయమయ్యాడు. ఆ పిల్ల అప్పటికే, అవసరమైతే విసరడానికి, తాడు సంచి చేతిలోకి తీసుకుని నీళ్ల అంచున నిలబడి ఉంది. తెర రెండో పక్క నుంచి ఆయన బయటికి వచ్చాడు, వెల్లకిలా, నవ్వుతూ. అంత పెద్దగా నవ్వడం నేను పెళ్లయినప్పటి నుంచి వినలేదు. నాకు ఏడుపొచ్చింది. ఎట్లాగూ మొహమంతా తడే కదా, దాచుకోవాల్సిన పని పడలేదు.

"అక్కా, అన్న చిన్నప్పుడు యాడ నేర్చిండు?" అని ఆ పిల్ల అడిగింది.

"మా వాగుల," అన్నాను. ఆమె తల ఊపింది.

చుట్టూ తిరిగి కిందికి వచ్చి ఆగిన బండి దగ్గర పులిహోర పెట్టారు. ఒళ్లంతా పులిసిపోయింది, మోచేతులు గీసుకుపోయాయి, ఆకలి మాత్రం రాక్షసంగా వేసింది. మా వాళ్లలో కొందరు అలవాటుగా క్యాన్లు తీసి కాళ్లు కడుక్కుంటున్నారు. నేనూ బోరు నీళ్ల క్యాను, నూనె సీసా పట్టుకుని ఆయన దగ్గరికి ఉరికాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. ఉండనీ."

దారి పొడుగునా కిటికీ పక్కన కూర్చుని చేతులు గాలికి ఆరబెట్టుకున్నాడు. ఇస్నాపూర్‌లో దిగి ఇల్లు చేరేసరికి అత్తమ్మ గడప దగ్గర కూర్చుని బియ్యం చెరుగుతోంది. కడుక్కొని లోపలికి రండి అంది, తల ఎత్తకుండానే. ఆయన ఆమె ముందు గొంతుక్కూర్చుని చెయ్యి చాపాడు.

అత్తమ్మ చేట పక్కన పెట్టింది. కొడుకు మొహంలోకి చూసింది, చేతి వైపు చూసింది. అప్పుడు ఆ చెయ్యి పట్టుకుని మోచేతి కింద గోటితో గీసింది. తెల్లగా, పొడుగ్గా, గీత పడింది.

ఆమె చాలాసేపు దానివైపే చూసింది. మళ్లీ పక్కనే ఇంకో గీత గీసింది, మొదటిది నమ్మలేనట్టు.

"దొంగోడు," అంది నా వైపు తిరిగి, కళ్ల నీళ్లు కొంగుతో తుడుచుకుంటూ. "మల్ల ఈదొచ్చిండు."